పిన్నీసు గుచ్చిన జాకెట్

మా షాపులో ఆడజింక మూత్రం వాసన వచ్చే నీళ్ళు చిన్న సీసాల్లో అమ్మేవాళ్ళం. అసలుది కాదు, ఎక్కడో ఫ్యాక్టరీలో తయారైనదే. వేటగాళ్ళు దాన్ని చెట్ల మొదళ్ళలో చల్లి, ఆ వాసనకు మగజింక వస్తుందని కాచుకుని కూర్చుంటారు. నేను పనిలో చేరిన రెండో వారం ఒక సీసా అరలోంచి జారి పగిలింది. తుడవమని నన్నే పంపారు. ముక్కుకు చున్నీ కట్టుకుని తుడిచాను. రెండు రోజులు అన్నం ముద్ద నోటి దగ్గరికి తెచ్చినప్పుడల్లా అదే వాసన. ఈ దేశంలో ఇంతకన్నా రోత పని నాకు దొరకదనుకున్నాను.

దొరికింది. మరుసటి ఏడాది అంతకన్నా రోత పుట్టించిన వాసన ఒక జాకెట్‌లోంచి వచ్చింది. తాలింపు వాసన, దాని మీద సెంటు వాసన. ఆ జాకెట్‌ను షాపులోకి వెనక్కి తీసుకున్నది నేనే. మళ్ళీ అమ్మిందీ నేనే. దాన్ని తొడుక్కుని డెబ్బై దాటిన మనిషి ఒకాయన వానలో అడవికి వెళ్ళాడు.

కెనడాలోని హాలిఫాక్స్‌లో నేను కాలేజీలో చేరిన రోజులవి. మన ఊళ్ళ నుంచి పిల్లలు విమానాల నిండా దిగుతున్న ఏళ్ళు. ఒక బేస్‌మెంట్‌లో ఆరుగురం ఆడపిల్లలం ఉండేవాళ్ళం. పార్ట్‌టైమ్ పని కోసం రెజ్యూమెలు పట్టుకుని తిరిగీ తిరిగీ చివరికి ఊరి అంచున ఉన్న ఈ షాపులో కుదిరాను. కొండలెక్కేవాళ్ళకు, వేటకు వెళ్ళేవాళ్ళకు కావలసినవన్నీ అక్కడ అమ్ముతారు. మేనేజర్ యాభై ఏళ్ళ ఆవిడ, తక్కువ మాట్లాడేది. నన్ను వాన జాకెట్ల దగ్గర, పక్కనే ఉన్న, అమ్మిన సరుకు వెనక్కి తీసుకునే రిటర్న్స్ కౌంటర్ దగ్గర పెట్టింది.

ఒంగోలు దగ్గర చిన్న క్రైస్తవ సంఘానికి మా నాన్న కాపరి. వాక్యం వింటూ పెరిగినదాన్ని. కంఠతా పట్టిన వచనాలు నాకు చాలా ఉన్నాయి కానీ జాకెట్ల గురించి ఒక్క ముక్క తెలియదు. వాన పడితే గొడుగు వేసుకోవాలి, లేకపోతే తడవాలి, అంతే తెలుసు. హాలిఫాక్స్‌లో గొడుగు పనికిరాదు. సముద్రం మీది గాలి దాన్ని విరిచి చేతిలో పెడుతుంది.

నాకు ఈ పని నేర్పినవాడు మేనేజర్ కాదు, ఒక కొనుగోలుదారుడు. రిటైరైన నేవీ మనిషి. పొడుగ్గా, కొద్దిగా వంగి నడిచేవాడు. వారానికోసారి వచ్చేవాడు. కొనేది తక్కువ, మాట్లాడేది ఎక్కువ. మొదటి రోజు నేనొకరికి జాకెట్ గురించి తప్పుగా చెబుతుంటే విని, వాళ్ళు వెళ్ళేదాకా ఆగి, నా దగ్గరికి వచ్చాడు. వాన లోపలికి రానివ్వనిదంతా మంచి జాకెట్ కాదమ్మాయ్, చెత్త సంచి కూడా వానను ఆపుతుంది, అన్నాడు. లోపలి చెమట ఆవిరి బయటికి పోవాలి, బయటి నీటి చుక్క లోపలికి రాకూడదు, ఈ రెండూ ఒకేసారి చేసే గుడ్డనే నువ్వు అమ్ముతున్నావు, దాన్ని ముందు తెలుసుకో, అన్నాడు.

ఒక జాకెట్‌ను తిరగేసి చూపించాడు. పైన గుడ్డ, లోపల అస్తరు, మధ్యలో కంటికి కనబడని సన్నటి పొర. కుట్టు పడిన ప్రతిచోటా లోపలి నుంచి టేపు అంటించి ఉంటుంది, ఎందుకంటే సూది పోయిన ప్రతి బెజ్జమూ నీటికి దారే. రిటర్న్స్ కౌంటర్ మీది నీళ్ళ స్ప్రే సీసా తీసుకుని గుడ్డ మీద కొట్టాడు. చామాకు మీద నీళ్ళలా చుక్కలు గుండ్రంగా నిలిచి జారిపోయాయి. జారితే బతికుంది, పీల్చుకుంటే చచ్చింది, అంతే పరీక్ష, అన్నాడు.

కొండలెక్కేవాడికీ వేటగాడికీ తేడా ఉందని కూడా ఆయనే చెప్పాడు. కొండెక్కేవాడు ఆగకుండా నడుస్తాడు కాబట్టి తేలికైనది, చంకల కింద జిప్పు ఉన్నది చూడాలి. వేటగాడు చీకటితోనే గంట నడిచి, చెమట పట్టి, తర్వాత నాలుగు గంటలు కదలకుండా కూర్చుంటాడు. ఆ చెమట ఒంటి మీదే చల్లారితే మనిషిని తినేస్తుంది. గుడ్డ చప్పుడు చేయకూడదు, చెయ్యెత్తితే గరగరలాడకూడదు. ఇంకొకటి, దానికి ఏ వాసనా ఉండకూడదు. జింకకు కళ్ళకన్నా ముక్కు ముఖ్యం. సువాసన సబ్బుతో ఒక్కసారి ఉతికినా ఆ రోజుకి వేట లేనట్టే.

అలా నేర్చుకున్నాను. నెల తిరిగేసరికి ఎవరేం అడిగినా చెప్పగలిగాను. ఆయన వచ్చినప్పుడల్లా నన్ను ఏదో ఒకటి అడిగి పరీక్ష పెట్టేవాడు. సరిగ్గా చెబితే తలూపేవాడు. దేవుడు పరాయి దేశంలో నాకొక తాతను చూపించాడని రాత్రి ప్రార్థనలో చెప్పుకునేదాన్ని.

రిటర్న్స్ కౌంటర్‌లో మాత్రం నాకు ఏడుపొచ్చేది. ఏడాదిలోపు ఎప్పుడు తెచ్చినా తీసుకునే షాపు మాది. ట్యాగ్ ఉండి, వాడని సరుకైతే తిరిగి స్టాండుకు తగిలిస్తాం. వాడినదైతే తిప్పి పంపేస్తాం. ఆ తేడా చూడటమే నా పని. మన పిల్లలు ఈ దేశంలో దిగిన వారంలోనే బస్ పాస్, బ్యాంక్ అకౌంట్‌తో పాటు నేర్చుకునే మూడో పాఠం ఒకటుంది. జాకెట్ కొను, ట్యాగ్ కట్ చేయకు, చలికాలమంతా తొడుక్కో, వెనక్కిచ్చెయ్. సీనియర్లు జూనియర్లకు, అక్కలు తమ్ముళ్ళకు ప్రేమగా చెప్పే మాట ఇది. అటొడ్డుకు వెళ్ళే ఫెర్రీ పడవలో చూసేదాన్ని. కిటికీ పక్కన నిలబడి ఫోటో తీసుకుంటున్న అబ్బాయి జాకెట్ చేతిలోంచి ట్యాగ్ తాలూకు తెల్లటి అట్టముక్క తొంగిచూసేది. స్నేహితుడు దాన్ని లోపలికి తోసేవాడు. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు.

ఆ జాకెట్లు నా కౌంటర్‌కు వచ్చేవి. మెడ దగ్గర జిడ్డు, చంకల్లో మరకలు, జేబులో నలిగిన టిష్యూలు, బస్సు టికెట్లు. ఒకదానిలో సగం తిన్న మురుకు దొరికింది. అసలు తొడుక్కోనే లేదక్కా అని నా కళ్ళలోకి చూసి చెప్పేవాళ్ళు. నేను స్ప్రే సీసా తీసి కొట్టేదాన్ని. భుజాల దగ్గర గుడ్డ నీళ్ళు తాగేసేది. తిప్పి పంపేసేదాన్ని. నన్ను పోలీసక్క అనేవారని తెలుసు. లోలోపల గర్వపడ్డాను. నా జాకెట్ ట్యాగ్ నేను కొన్న రోజే కత్తిరించానని రూమ్‌మేట్లకు ఎన్నిసార్లు చెప్పానో.

శుక్రవారం సాయంత్రాలు మా తెలుగు సహవాసం, అంటే ప్రార్థన కూడిక, జరిగేది. అమెరికాలో పదేళ్ళు పనిచేసి ఇటొచ్చిన ఒక అంకుల్ ఇంట్లో కూడుకునేవాళ్ళం. ఆయన ఐటీలో చేస్తారు. పాస్టర్ కాదు కానీ పెద్దరికం ఆయనదే. బస్సు లేని పిల్లలను కారులో ఎక్కించుకొచ్చి, భోజనం పెట్టించి, మళ్ళీ దింపేవారు. పాటలు నడిపించేది మేం తమ్ముడు అని పిలిచే ఒక కుర్రాడు. వరంగల్ వైపు నుంచి జనవరిలో వచ్చాడు. కీబోర్డు మీద చేతులు పెట్టి కళ్ళు మూసుకున్నాడంటే ఇల్లంతా నిశ్శబ్దమయ్యేది. ఇల్లు గుర్తొచ్చి గుండె పట్టేసిన వారాల్లో అతని పాటకు నేను వెక్కి వెక్కి ఏడ్చాను. అతనిలో దేవుని పిలుపుందని అందరం నమ్మాం.

దిగిన కొత్తలో జాకెట్ కోసం అతను నా దగ్గరికే వచ్చాడు. సాదాది చూపించాను. అతని కళ్ళు మాత్రం వేటగాళ్ళ స్టాండు మీద పడ్డాయి. ఆకులు, కొమ్మలు అచ్చువేసిన మెత్తటి జాకెట్. అది జింకల వేటకి తమ్ముడూ అన్నా వినలేదు. కమాండో లెక్కుంది అక్కా, గిదే కావాలె, అన్నాడు. దాన్నే తొడుక్కుని పది నెలలు తిరిగాడు. ఎన్ని జింకలు కొట్టావని బస్సు డ్రైవర్లు అడిగేవారట. దాంతోనే ఆరాధన కూడా నడిపించాడు.

అక్టోబర్‌లో, వేట కాలం మొదలవడానికి కొద్దిరోజుల ముందు, ఒక శనివారం షాపు కిటకిటలాడుతుంటే అతను నా వరుసలో నిలబడ్డాడు. చేతిలో అదే జాకెట్, చక్కగా మడిచి ఉంది. ట్యాగ్ తెల్లగా మెరుస్తోంది. వందనాలక్కా, అన్నాడు. వెనక ఎనిమిది మంది ఉన్నారు. జాకెట్ అందుకోగానే సెంటు వాసన ముఖానికి కొట్టింది. స్ప్రే సీసా నా కుడిచేతి పక్కనే ఉంది. ఆ జాకెట్‌ను పది నెలలు వారం వారం చూసినదాన్ని. దాని మీద నీళ్ళు కొట్టాల్సిన అవసరం కూడా లేదు నాకు.

నేను సీసా ముట్టుకోలేదు. వాడలేదు అనే గడిలో టిక్కు పెట్టాను. దేవుడు నిన్ను దీవించును గాక అక్కా అని అతను వెళ్ళిపోయాడు. వరుస తగ్గాక జాకెట్‌ను నేనే తీసుకెళ్ళి స్టాండుకు తగిలించాను. అదే సైజువి ఇంకో రెండున్నాయి, వాటి మధ్యలో పెట్టాను.

బుధవారం మధ్యాహ్నానికి ఆ రెండూ అమ్ముడుపోయాయి. నేవీ తాత వచ్చాడు. నిరుడు ఆయనకు నిమోనియా వచ్చి నెల రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. అప్పటినుంచి వాసనలు సరిగ్గా తెలియడం లేదన్నాడు. ఈసారి వేటకు వెళ్ళనివ్వాలంటే మంచి వాన జాకెట్ కొనుక్కోవాలని భార్య షరతు పెట్టిందట. పాతదాని జిప్పు పోయింది. శనివారం తెల్లారకముందే ఒక్కడే బయల్దేరుతున్నాడు.

ఆ సైజులో చప్పుడు చేయని గుడ్డది అదొక్కటే మిగిలింది. తొడుక్కున్నాడు. చెయ్యెత్తి దించాడు, చప్పుడు లేదు. నవ్వాడు. తర్వాత దాన్ని విప్పి నా చేతికిచ్చాడు.

"నా ముక్కు పనిచేయడం లేదు. నువ్వు వాసన చూసి చెప్పు."

ముఖం దగ్గర పెట్టుకున్నాను. సెంటు. దాని కింద ఆవాలు, ఎండుమిరపకాయ, వెల్లుల్లి. పది నెలలు వంటింట్లోనే తగిలించి ఉంటాడు. జింకకే కాదు, బస్సులో పక్క సీటు మనిషికి కూడా తెలిసే వాసన.

"ఏమీ లేదు," అన్నాను.

నీళ్ళు కొట్టి చూశావా అని కూడా అడిగాడు. తలూపాను. నేను నేర్పిన పిల్లవి, నువ్వు చూశావంటే చాలు, అని తీసుకెళ్ళాడు.

నిజం చెబితే నాలుగు రోజుల క్రితం నేను పెట్టిన టిక్కు బయటపడుతుంది. ఆ క్షణంలో ఆలోచించింది అదొక్కటే. ఇంటికెళ్ళేటప్పుడు బస్సులో నాకు నేను సర్ది చెప్పుకున్నాను. వాసనే కదా. మహా అయితే ఆయనకు జింక దొరకదు. దానివల్ల ఒక జింక బతుకుతుంది.

శుక్రవారం సహవాసంలో సాక్ష్యాల సమయం వచ్చింది. దేవుడు ఈ వారం ఏం మేలు చేశాడో లేచి చెప్పడం మా అలవాటు. ఒకమ్మాయి పరీక్ష పాసైనట్టు చెప్పింది. ఒకతనికి పని దొరికింది. తర్వాత కీబోర్డు ముందు నుంచి తమ్ముడు లేచాడు. ఒంటి మీద కొత్త జాకెట్, నల్లది.

"పాత జాకెట్ పది నెలలు తొడుక్కున్న. ట్యాగ్‌కు పాలిథిన్ కవర్ చుట్టి, భుజం లోపట పిన్నీసులు పెట్టి దాచిన. మొన్న మంచిగ మెషీన్ల ఉతికి, డ్రయ్యర్ల వేడి ఫుల్ పెట్టి ఆరవెట్టిన. తీసుకుంటరో లేదో అని భయమైంది. ప్రార్థన చేసి పోయిన. కౌంటర్ల దేవుడు మన అక్కనే నిలబెట్టిండు."

ఇల్లంతా స్తోత్రం అంది. నా వైపు తిరిగి నవ్వారు. నా పక్కనున్న అమ్మాయి నా చెయ్యి నొక్కింది. పదిహేనేళ్ళుగా సాక్ష్యాలు వింటున్నాను. జ్వరాలు తగ్గినవి, తాగుడు మానినవి, చావు అంచుల నుంచి తిరిగొచ్చినవి. దేవుణ్ణి దొంగసరుకుకు కాపలా పెట్టిన సాక్ష్యం అదే మొదటిసారి విన్నాను. నోట్లో చేదు ఊరింది. కానీ ఆ చేదును వెనక్కి నెట్టేసిన ఇంకో మాట చెవిలో పడింది. పిన్నీసులు.

భోజనాల దగ్గర అతణ్ణి పక్కకు పిలిచి ఎన్ని పెట్టావని అడిగాను.

"నాలుగక్కా. రెండు భుజం మీద, రెండు మెడ కాడ. మా అమ్మ గుత్తి పంపింది కదా. ఏమైతది, సూది బెజ్జమంత."

ఆ జాకెట్‌ను ఎవరు కొన్నారో అతనికి చెప్పాను. వాన మొదట పడేది భుజాల మీదే. పైగా డ్రయ్యర్ వేడికి కుట్ల మీది టేపు ఊడి ఉంటుంది. గుడ్డ మెత్తబడటానికి వేసే సువాసన ద్రవం కూడా వేశాడట, దాంతో నీటిని జార్చే గుణం పోతుంది. పైన చూడటానికి జాకెట్, లోపల జల్లెడ. మర్నాడు రోజంతా వాన అని ఫోన్‌లో చూపిస్తోంది.

అంకుల్ దగ్గరికెళ్ళి అంతా చెప్పాను. బుధవారం నేను ఆడిన అబద్ధంతో సహా చెప్పాను. షాపు ఇంకో గంట తెరిచే ఉంటుందనీ, ఫోన్ చేసి మేనేజర్‌కు చెబితే ఆ తాత నంబరు కంప్యూటర్‌లో ఉందనీ అన్నాను. ఆయన ప్లేటు పక్కన పెట్టి నెమ్మదిగా మాట్లాడారు.

"చూడమ్మా, ఆ అబ్బాయి వర్క్ పర్మిట్‌కి అప్లై చేసే టైమ్. చిన్న కంప్లైంట్ పడినా లైఫ్ పోతుంది. సహోదరుడి తప్పుని మనం కప్పాలి, బయట పెట్టకూడదు. నీకు తెలియని వాక్యమా?"

"ఆయనకు నిమోనియా వచ్చి తగ్గింది అంకుల్. తెల్లారకముందే వెళ్ళిపోతాడు."

"వాళ్ళు ఈ చలిలో పుట్టినవాళ్ళు. రేపు షిఫ్ట్‌లో నిదానంగా చెప్పు. ఇప్పుడు ఆయన కోసం ప్రార్థన చేద్దాం రా."

చేశాం. అందరినీ గుండ్రంగా నిలబెట్టి, పేరు చెప్పకుండా, ఒక పెద్దాయన అడవికి వెళ్తున్నాడు కాపాడు ప్రభువా అని ఆయనే ప్రార్థించారు. తమ్ముడు కీబోర్డు మీద మెల్లగా వాయించాడు. నేను కూడా కళ్ళు మూసుకుని ఆమెన్ అన్నాను. ఫోన్ నా చేతిలోనే ఉంది. తర్వాత నా ప్లేటులో చికెన్ కూర వడ్డించారు. తిన్నాను. పెరుగన్నం కూడా తిన్నాను. అంకుల్ కారులో నన్ను దింపేసరికి షాపు మూసేశారు.

ప్రార్థనను నేను తేలిక చేసి మాట్లాడటం లేదు. ఆ రాత్రి కూడా మోకాళ్ళ మీదే ఉన్నాను. కానీ చేతిలో ఉన్న ఫోన్‌తో చేయాల్సిన పనిని దేవుడికి అప్పగించడం ప్రార్థన కాదని నాకు అప్పుడే తెలుసు. తెలిసే చేశాను.

శనివారం తొమ్మిదికి షాపులో అడుగుపెట్టగానే మేనేజర్‌కు చెప్పాను. ఆవిడ వెంటనే కంప్యూటర్ తెరిచింది. నంబరు వెతికి ఆయన ఇంటికి ఫోన్ చేసింది. నాలుగింటికే వెళ్ళాడని భార్య చెప్పింది. ఆ చోట ఫోన్ పనిచేయదట. మేనేజర్ ఫోన్ పెట్టేసి కిటికీ వైపు చూసింది. అద్దాల మీద నీళ్ళు తాళ్ళలా కారుతున్నాయి.

ఆ రోజు పనిచేశాను. ఇది వానకు ఆగుతుందా అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. ప్రతి ఒక్కరి ముందూ స్ప్రే కొట్టి చూపించాను. చుక్కలు గుండ్రంగా నిలిచి జారాయి.

మూడింటికి ఆయన భార్య ఫోన్ చేసింది. తెల్లవారినప్పటి నుంచి ఆయన కదలకుండా కూర్చున్నాడు. భుజాలు చల్లబడితే నడిచి వచ్చిన చెమటే అనుకున్నాడు. జాకెట్ మీద అంత నమ్మకం. నీళ్ళు నడుం దాకా కారాక లేచాడు. బండి దాకా రాగలిగాడు కానీ తాళం తిప్పడానికి వేళ్ళు రాలేదు. చక్రానికి ఆనుకుని కూలబడ్డాడు. వేటగాళ్ళు చట్టప్రకారం తొడుక్కోవాల్సిన నారింజరంగు చొక్కా ఆయన పైన వేసుకోబట్టి, దారిన పోతున్న ఇంకో వేటగాడి కంటపడ్డాడు. ఆసుపత్రిలో ఉన్నాడు. మళ్ళీ నిమోనియా.

మరుసటి శుక్రవారం నేను సహవాసానికి వెళ్ళాను. ఆ తాత బతికిన సంగతి నేను అంకుల్‌కు మెసేజ్ పెట్టాను. సాక్ష్యాల సమయంలో ముందు ఆయనే లేచారు. గత వారం మనం ప్రార్థించిన పెద్దాయనను దేవుడు చావు నుంచి తప్పించాడు, మన ప్రార్థనలో శక్తి చూశారా, అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. తమ్ముడు కూడా కొట్టాడు. ఆయన ఎవరి జాకెట్‌లో తడిశాడో తెలిసినవాళ్ళం ఆ ఇంట్లో ముగ్గురం ఉన్నాం.

లేచి నిలబడ్డాను. నాకూ సాక్ష్యం ఉందన్నాను. ఆ జాకెట్‌ను నేను చూడకుండా తీసుకున్నాననీ, వాసన వచ్చినా రాలేదని చెప్పి అమ్మాననీ అన్నాను. అది ఎవరు తెచ్చిచ్చిందో చెప్పబోయాను. మా సహవాసంలో ఒక పద్ధతుంది. ఎవరి సాక్ష్యమైనా మరీ పొడుగైతే కీబోర్డు మీద పాట ఎత్తుకుంటారు. అది విని ఆ మనిషి కూర్చుంటాడు. తమ్ముడు పాట ఎత్తుకున్నాడు. నేను ఆగలేదు. అతను గొంతు పెంచాడు. అంకుల్ కళ్ళు మూసుకుని చేతులెత్తారు. ఒక్కొక్కరే అందుకున్నారు. నా పక్కనున్న అమ్మాయి నా చున్నీ పట్టుకుని కూర్చోమన్నట్టు లాగుతూ, తనూ పాడింది. ఎంత చక్కగా పాడారంటే, అదే పాటకు కొన్నాళ్ళ క్రితం నేను ఏడ్చాను. ఆ ఇంట్లో నా మాట ఎవరికీ వినబడలేదు. చెప్పులు వేసుకుని బస్‌స్టాప్‌కు నడిచాను. మళ్ళీ అక్కడికి వెళ్ళలేదు. దేవుణ్ణి వదల్లేదు. కానీ ఈనాటికీ ఎవరైనా సాక్ష్యం చెప్పడానికి లేస్తే నా చూపు ముందు వాళ్ళ భుజాల మీదికి పోతుంది.

మూడు వారాల తర్వాత నేవీ తాత షాపుకు వచ్చాడు. సగం మనిషయ్యాడు. భార్య కారులోనే ఉండి అద్దంలోంచి మమ్మల్ని చూస్తోంది. అప్పటికే రిటర్న్స్ కౌంటర్ నుంచి నన్ను తీసేశారు. ఆయన మాత్రం జాకెట్ల మధ్యకు నా దగ్గరికే వచ్చాడు. సంచిలోంచి ఆ జాకెట్ తీసి, తిరగేసి, లోపల సెల్‌ఫోన్ లైటు పెట్టి చూపించాడు. భుజం మీద రెండు, మెడ దగ్గర రెండు, నాలుగు చుక్కలు నక్షత్రాల్లా వెలిగాయి. ఊడిన టేపు అక్కడక్కడా వేలాడుతోంది.

"ఆ రోజు నీకు వాసన వచ్చిందా?"

"వచ్చింది."

తలూపాడు. నేను సరైన జవాబు చెప్పినప్పుడల్లా ఊపినట్టే ఊపాడు. ఒక్క జింక కూడా ఎందుకు రాలేదా అని పొద్దున్నంతా అనుకున్నానన్నాడు. తుపాకీ మేనల్లుడికి ఇచ్చేశాడట, భార్య ఇంక వెళ్ళనివ్వదట. నేను క్షమించమని అడిగాను. విన్నాడు. జాకెట్‌ను నా చేతుల్లో పెట్టాడు. ఇంకో జాకెట్ ఇస్తామని మేనేజర్ అంటే, నాకిప్పుడు జాకెట్‌తో పనేముంది అన్నాడు. నెమ్మదిగా తలుపు దాకా నడిచి, కారెక్కి వెళ్ళిపోయాడు.

అమ్మడానికి పనికిరాని సరుకును చెత్తలో అలాగే పడేయకూడదని మా షాపు నియమం. ఎవరో తీసుకెళ్ళి మళ్ళీ వాడకుండా ముక్కలు చేయాలి. మేనేజర్ పెద్ద కత్తెర తెచ్చి నా చేతిలో పెట్టింది. వచ్చే వారం నుంచి షెడ్యూల్‌లో నేను లేనని అప్పుడే చెప్పింది. ఆవిడ మాటలో కోపం కనబడలేదు.

వెనక గదిలో నేల మీద కూర్చుని కత్తిరించాను. ముందు చేతులు, తర్వాత భుజాలు. గుడ్డ మంచిది, కత్తెరకు సులువుగా తెగలేదు. సెంటు ఎప్పుడో పోయింది. అడవి తడి, బూజు వాసన కొద్దిగా ఉన్నాయి. అస్తరు చీల్చేసరికి దాని మడతల్లో దాగిన అసలు వాసన పైకి లేచింది. ఆవాలు, వెల్లుల్లి, కరివేపాకు. మా వంటింటి వాసన. పొద్దున్నుంచీ ఏమీ తినలేదేమో, నోట్లో నీళ్ళూరాయి.

ముక్కలన్నీ నల్ల సంచిలో కుక్కి మూతి బిగించాను. చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నాను. ఆకలి మాత్రం పోలేదు.